దుప్పట్ల వెనక గోడ

హలో, అందరూ ఉన్నారా? నమస్కారమండీ, నేనే, ఫ్యాన్ల మావయ్యని. పనిలో ఉన్నా, బస్సులో ఉన్నా, కాస్త పక్కకి జరిగి కూర్చోండి. మొన్న మన గ్రూపులో ఒకమ్మాయి అడిగింది కదా, "మావయ్యా, మీ మేనకోడలికి చిన్నప్పుడు ఆయాసం ఉండేదన్నారు, ఏ మందుతో నయమైంది?" అని. ఒక్క ముక్కలో చెప్పేద్దామని ఫోన్ తీశాను. కుదర్లేదు. అది ఒక్క మందు పేరు కాదు, ఒక వానాకాలం మొత్తం. నాకు పెద్ద చదువు లేదు, తప్పులుంటే మీరే సర్దుకుని చదువుకోండి.

అప్పటికి మేం ముగ్గురం. నేను, మా చెల్లి, దాని కూతురు. మా బావ పోయాక నేనే వాళ్ళ దగ్గరికొచ్చేశాను, నాకు పెళ్ళీ పెటాకులూ ఎలాగూ లేవు. పిల్లని తూనీగ అని పిలిచేవాళ్ళం. కాళ్ళూ చేతులూ పుల్లల్లా ఉండేవి, కళ్ళు మాత్రం మొహమంతా. రెండో తరగతి చదివేది. చెల్లి ఇంట్లోనే ఇస్త్రీ చేసేది. వీధి చివర ఒక లాడ్జి ఉండేది, దాని తెల్ల దుప్పట్లన్నీ మా చెల్లి చేతిమీదుగానే వెళ్ళేవి. నేను ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసేవాణ్ణి. వానాకాలంలో ఫ్యాను పాడైతే ఎవడికీ గుర్తుండదు కదా. ఆ రోజుల్లో నా చేతిలో పనికంటే నోట్లో మాటలే ఎక్కువ.

మేముండేది ఒక మేడ కింద వాటా. వీధిలోంచి మెట్లు దిగి లోపలికెళ్ళాలి. ఒకటే గది. వెనక గోడ పక్కనుంచి మేడమీదాయన స్నానాల గది గొట్టం దిగేది. అది ఎక్కడ పగిలిందో ఏమో, గోడ మాత్రం ఏడాది పొడుగునా చెమటలు కక్కేది. వానలు పడ్డాయంటే ఇంక చూసుకోండి, నల్లటి బూజు కిందనుంచి పైకి పాకుతూ పోయేది. చెల్లి పొద్దున్నే బ్లీచింగు నీళ్ళు పెట్టి తుడిచేది. సాయంత్రానికి మళ్ళీ హాజరు.

"మనకంటే దీనికే ఈ ఇల్లు నచ్చినట్టుందే" అనేవాణ్ణి నేను.

చెల్లి నవ్వేది కాదు.

ఆ గదిలో దిగేటప్పుడు మేడమీదాయన ఒక్కటే అడిగాడు. "పిల్లకి జబ్బులేం లేవుగా? నాకా గోల పడదు."

"లేవండీ" అంది చెల్లి.

మరేమంటుంది? అంతకుముందున్న ఇంట్లోంచి మమ్మల్ని సాగనంపింది ఆ దగ్గు చూసే. అంటుకునే జబ్బేమో, మా పిల్లలకి తగులుతుందేమో అని పక్కవాటా వాళ్ళు ఒకటే గోల. అందుకని ఈ ఇంట్లో చెల్లి తూనీగకి ఒక విద్య నేర్పింది. మెట్లమీద చెప్పుల చప్పుడు వినపడగానే నోరు మూసుకోవాలి. దగ్గొస్తే మింగెయ్యాలి. మరీ ఆగకపోతే దిండులో మొహం పెట్టుకోవాలి. మేడమీదాయన ఒక్కడికే కాదు, బయటివాళ్ళు ఎవరొచ్చినా అంతే.

పిల్లలు ఏదైనా చప్పున పట్టేస్తారు కదండీ. అలా చెప్పుల చప్పుడైతే చాలు, ఇలా రెండు చేతులూ నోటిమీదకి వెళ్ళిపోయేవి. కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి, మెడదగ్గర నరం టకటకా కొట్టుకునేది, దగ్గు మాత్రం బయటికొచ్చేది కాదు. ఆయన వెళ్ళాక దగ్గేది. ఆపుకున్నదంతా పోగేసి ఒక్కసారే. నేను వేరే పక్కకి తిరిగి ఫ్యాను మోటారు తీగ చుట్టుకుంటూ కూర్చునేవాణ్ణి.

ఆ యేడు వాన పట్టుకుంటే వదల్లేదు. ఓ మధ్యాహ్నం బడినుంచి ఫోనొచ్చింది, పిల్ల ఊపిరాడక బల్లమీద వాలిపోయిందని. నేనూ చెల్లీ పరిగెత్తాం. బడికి దగ్గర్లో పిల్లల ఆసుపత్రి ఒకటుంటే అక్కడికే ఎత్తుకెళ్ళాం. మాస్కు పెట్టి ఆవిరి మందు పట్టారు. కాసేపటికి తూనీగ పెదాలకి రంగొచ్చింది. అప్పుడు డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. మా చెల్లికంటే చిన్నదే, జుట్టు ఎలాపడితే అలా ముడేసుకుని ఉంది.

"ఇంతకుముందు ఏ డాక్టరు చూసేవారు పాపని?"

చెల్లి వేళ్ళమీద లెక్కపెట్టుకుంది. "ఏ ఇంట్లో ఉన్నప్పుడండీ?" అంది.

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టేసింది.

అప్పుడు చెల్లి ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. మార్కెట్ వెనకున్నప్పుడు ఒక డాక్టరు దగ్గు సిరప్ రాశాడు. రైలు కట్ట దగ్గరకి మారాక ఇంకొకాయన ఇన్‌హేలర్ ఇచ్చాడు, అది బాగా పనిచేసింది. అద్దె పెంచేసరికి అక్కణ్ణించి మారిపోయాం, కొత్తచోట డాక్టరు "ఇంత చిన్నపిల్లకి ఇన్‌హేలరేంటి" అని మళ్ళీ సిరప్ మొదలెట్టాడు. టీకాలు కూడా అంతే. ఏవి పడ్డాయో ఏవి పడలేదో చెల్లికే తెలీదు, ఒకటి మాత్రం రెండుసార్లు పడిందని పిల్ల ఖచ్చితంగా చెప్పింది, రెండుసార్లూ ఏడ్చాను కాబట్టి నాకు గుర్తే అని.

ఇల్లు మారినప్పుడల్లా డాక్టరు మారిపోవడం, మళ్ళీ ఓనమాల దగ్గర్నుంచి మొదలుపెట్టడం. దాన్ని రెండోసారి చూసిన డాక్టరు లేడండీ. నిజం.

"చూడమ్మా" అంది డాక్టరమ్మ. "నేనిచ్చే మందు పనిచేస్తుంది. కాని పిల్ల పడుకునేది ఎక్కడ? ఇంట్లో చెమ్మ ఉందా?"

చెల్లి పిల్ల జుట్టు సర్దుతూ కూర్చుంది. తూనీగే చెప్పింది, మాస్కు గుర్తులు ఇంకా బుగ్గలమీద ఉన్నాయి. "మా గోడమీద బొమ్మలొస్తాయి డాక్టర్. నల్లవి. ఒకటి ఒంటెలా ఉంటుంది."

డాక్టరమ్మ అక్కడే ఫోన్ తీసి ఎవరితోనో మాట్లాడింది. తర్వాత మాకు అర్థమయ్యేలా చెప్పింది. ఇంటివల్ల జబ్బుపడే పిల్లలున్నవాళ్ళకి, మంచి ఇంట్లోకి మారడానికి అద్దెలో చాలావరకు కట్టే సాయం ఒకటుందట. ఆ సాయం చూసే ఆఫీసునుంచి ఒక మనిషొచ్చి ముందు ఇల్లు చూస్తారు. పిల్లకి ఈ ఇల్లు పడదని తేలితే సాయం వస్తుంది. "ఇల్లు ఇక్కడికి దగ్గర్లోనే చూసుకోండి. పాప నా దగ్గరికే రావాలి. వేరేవాళ్ళ దగ్గరికి కాదు, నా దగ్గరికే" అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. బయటికొస్తూ చెల్లి మొహం చూశాను. మాడిపోయి ఉంది.

"ఏంటే, మంచి మాటేగా చెప్పింది?"

"ఆఫీసువాళ్ళు ఇల్లు చూడ్డానికొచ్చారని మేడమీదాయనకి తెలిస్తే?"

"తెలిస్తే తెలిసింది."

"నువ్వలాగే అంటావు అన్నయ్యా. సాయం రాకపోతే? వాళ్ళు చూసి వెళ్ళిపోతారు. ఈయన బయటికి తోసేస్తాడు. ఉన్నదీ పోతుంది. ఈ వానలో దీన్నేసుకుని ఎక్కడ తిరగను?"

గొడుగు తూనీగ మీదకి వంచి నడిచాను.

ఆఫీసావిడ ఫలానా రోజున వస్తానని ఫోన్ చేసింది. ఆ రోజు పొద్దున్నే నేను ఒకింట్లో మిక్సీ ఇచ్చేసి, ఆవిడొచ్చే వేళకి ఇంటికి చేరాను. గుమ్మంలో నిలబడిపోయాను. ఇంకెవరింటికో వచ్చానేమో అనుకున్నాను.

నేల తళతళా మెరిసిపోతోంది. ఫినాయిలు వాసన వీధిదాకా కొడుతోంది. సామాన్లన్నీ వరసగా సర్దేసింది. వెనక గోడ లేదు. అంటే, కనపడట్లేదు. ఈ మూలనుంచి ఆ మూలకి తాడు కట్టి, లాడ్జి దుప్పట్లు ఒకదాని పక్కన ఒకటి పైనుంచి నేలదాకా ఆరేసింది. ఇస్త్రీ చేసినవే. ఒక్క మడత, ఒక్క ముడత లేదు. పెళ్ళిమంటపంలా ఉంది గది. తూనీగని తల దువ్వి, ఉతికిన గౌను వేసి, చేతిలో పుస్తకం పెట్టి మంచమ్మీద కూర్చోబెట్టింది.

"ఏంటే ఇది?" అన్నాను.

"ఏంటంటే? ఇంటికి మనిషొస్తుంటే చీదరగా ఉంచుకుంటామా?"

"పిచ్చిదానా, ఆవిడొచ్చేదే ఆ గోడ చూడ్డానికి."

"చూస్తుందిలే. చూడాల్సినవాళ్ళకి కనపడకపోదు. ముందు మనం శుభ్రమైన మనుషులమని తెలియాలి కదా. చెమ్మ చూసి, మురికివాళ్ళు, వీళ్ళ మురికే పిల్లకి జబ్బు అని అనుకుంటే?"

నేను తాడు విప్పబోయాను. చెల్లి నా చెయ్యి పట్టుకుంది. చేతులు చల్లగా ఉన్నాయి దానికి. రోజంతా ఇస్త్రీపెట్టె పట్టుకునే చేతులు. ఈలోపే గుమ్మం దగ్గర గొడుగు మూసిన చప్పుడైంది.

ఆఫీసావిడ పెద్దమనిషి. కళ్ళజోడు మీద వానచుక్కలు, భుజానికి సంచీ. చెప్పులు బయట విప్పబోతే, ఫర్వాలేదు రండి రండి అని చెల్లి కంగారుపడింది. నేను ముక్కాలి పీట తుడిచి వేశాను. ఆవిడ కూర్చుంది. సరిగ్గా దుప్పట్లకి వీపు పెట్టి.

"ఇల్లు బాగా ఉంచుకున్నారమ్మా" అంది.

"ఏదో అండీ."

"పాపకి ఆయాసమని చెప్పారు. ఇంట్లో చెమ్మ ఏమైనా..."

అప్పుడే మెట్లమీద చెప్పుల చప్పుడైంది.

మంచమ్మీద తూనీగ పుస్తకం వదిలేసి రెండు చేతులూ నోటిమీద పెట్టుకుంది.

మేడమీదాయన గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. లోపలికీ రాడు, బయటికీ పోడు. గొడుగేసుకుని కొత్త మనిషి మెట్లు దిగడం పైనుంచి చూసినట్టున్నాడు. "ఎవరమ్మా వచ్చింది?" అన్నాడు.

ఆఫీసావిడ నెమ్మదిగా ఆయనకేసి చూసి, "పాప సంగతి కనుక్కుందామని వచ్చానండీ" అంది. అంతే అంది. తెలివైన మనిషి.

"పాపకేమైంది?"

"ఏం కాలేదండీ" అంది చెల్లి. "ఏమీ లేదు. బానే ఉంది."

ఆఫీసావిడ చెల్లికేసి తిరిగింది. "చెమ్మ గురించి అడిగాను కదమ్మా."

"లేదండీ. బానే ఉంది ఇల్లు. గాలీ వెలుతురూ అన్నీ ఉన్నాయి."

నేనే కల్పించుకుని, "అది కాదండీ, వెనక..." అన్నానో లేదో, చెల్లి నాకేసి ఒక చూపు చూసింది. చిన్నప్పుడు మా అమ్మ చూసే చూపు. చెప్తే మేడమీదాయన ముందే చెప్పాలి. చెప్పకపోతే ఆవిడ లేచి వెళ్ళిపోతుంది. గుమ్మంలో ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు, బయట వాన.

అప్పుడు చూశాను. ఆవిడ వీపు వెనక, మధ్య దుప్పటి మీద ఒక మచ్చ. ముందు అరచెయ్యంత ఉంది. పసుపూ గోధుమా కాని రంగు. నేను చూస్తుండగానే పళ్ళెమంత అయింది. పైన ఆయన ఇంట్లో ఎవరో స్నానం చేస్తున్నట్టున్నారు. గోడ దుప్పట్లోంచి బయటికొస్తోందండీ, మేం చెప్పకపోయినా.

చెల్లి కూడా చూసింది. లాడ్జి దుప్పటి అది. మళ్ళీ ఉతకాలి, మళ్ళీ ఇస్త్రీ చెయ్యాలి, మరక పోతుందో పోదో. కాని చెల్లి చూపు అక్కడ ఆగలేదు. మంచం దగ్గరికెళ్ళింది.

తూనీగ చేతులు ఇంకా నోటిమీదే ఉన్నాయి. భుజాలు చెవులదాకా లేచిపోయాయి. పొట్ట లోపలికీ బయటికీ కొట్టుకుంటోంది. వేళ్ళ సందుల్లోంచి కనపడుతున్న పెదాలు ఆ రోజు బళ్ళో ఉన్న నీలం రంగుకొచ్చేశాయి. అయినా చప్పుడు లేదు. ఎంత బాగా నేర్చుకుందో చూడండి. తల్లికేసే చూస్తోంది, సరిగ్గా చేస్తున్నానా అన్నట్టు.

ఆఫీసావిడ సంచీ భుజానికి తగిలించుకుని, "సరేనమ్మా, అయితే నేను..." అంటూ లేచింది.

చెల్లి ఆవిణ్ణి దాటుకుని వెళ్ళింది. తాడు దగ్గర నిలబడి మొదటి దుప్పటి క్లిప్పులు తీసింది. లాగి పడేయలేదండీ. అంచూ అంచూ కలిపి, అరచేత్తో సర్ది, నాలుగు మడతలు పెట్టి బల్లమీద పెట్టింది. రెండోది తీసింది. అదీ అలాగే మడత పెట్టింది. గదిలో వినపడేది ఆ గుడ్డ చప్పుడే. మచ్చపడ్డది తీసేటప్పుడు మాత్రం చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అదీ మడిచింది, మచ్చ లోపలికి పెట్టి. ఒక్కొక్కటే తీస్తుంటే గోడ వచ్చేసింది. నలుపు, పెచ్చులు, కింద కారిన చారలు, తూనీగ చెప్పిన ఒంటె.

చివరి దుప్పటి బల్లమీద పెట్టి, పిల్లకేసి తిరక్కుండానే అంది.

"దగ్గవే తల్లీ. ఫర్వాలేదు, దగ్గు."

తూనీగ నమ్మలేదు. గుమ్మంలో ఉన్న ఆయనకేసి చూసింది. నేను వెళ్ళి దాని చేతులు రెండూ కిందికి దించాను. అప్పుడు దగ్గింది. ఎంతసేపు దగ్గిందో నేను చెప్పను. మొన్న ఆసుపత్రిలో ఇచ్చిన మందు పీల్పించాం. ఆఫీసావిడ వెళ్ళిపోకుండా నిలబడే ఉంది, పిల్ల వీపు రాస్తూ. తర్వాత గోడ దగ్గరికెళ్ళి వేలితో నొక్కింది. పెచ్చు ఊడి చేతిలోకొచ్చింది.

"ఇందాక బానే ఉందన్నారు కదమ్మా" అంది. కోపంగా కాదు.

"ఎవరొచ్చినా అలాగే అంటామండీ" అంది చెల్లి.

మేడమీదాయన అప్పుడు నోరు విప్పాడు. "ఈ గోడ సంగతి నాకెప్పుడూ చెప్పలేదే? అదంతా మీ ఇస్త్రీ ఆవిరే. నా ఇల్లు పాడుచేసి మళ్ళీ బయటివాళ్ళని పిలిచి చూపిస్తారా?" అని ఇంకా ఏదో అన్నాడు. ఆయన రాక్షసుడేం కాదండీ, ఆ గొట్టం బాగుచేయించాలంటే మేడ సగం తవ్వాలి, ఆయన భయం ఆయనది. కాని ఆఖరికి మాత్రం మేం అనుకున్నదే అన్నాడు. "నెలాఖరుకి ఖాళీ చేసేయండి."

ఆఫీసావిడ వెళ్తూ వెళ్తూ నన్ను మెట్లదాకా పిలిచింది. "నేను చూసింది చూసినట్టు చెప్తాను. పెద్దవాళ్ళు ఒప్పుకోవాలి, నేను మాట ఇవ్వలేను. ఇంకో సంగతి, ఇల్లు మీరే వెతుక్కోవాలి. పొడిగా ఉండాలి. ఇల్లుగలవాళ్ళు మా ఆఫీసు అద్దె తీసుకోవడానికి ఒప్పుకోవాలి."

ఆ చివరి మాటే అసలు మెలిక అని తర్వాత తెలిసింది.

నేను తిరిగినన్ని ఇళ్ళు ఆ వారాల్లో పోస్టుమాన్ కూడా తిరిగి ఉండడు. గది చూపించేవాళ్ళు, గాలి గురించి చెప్పేవాళ్ళు, అంతా నవ్వుతూనే. అద్దె ఆఫీసువాళ్ళు కడతారండీ అనగానే మొహాలు మారిపోయేవి. "ఆఫీసా? వద్దులెండి, అదో తలనొప్పి." ఒకాయనైతే, "మీరు మంచివాళ్ళలాగే ఉన్నారు, మరి ఆఫీసెందుకు?" అన్నాడు. మంచివాళ్ళకి ఇల్లక్కర్లేదనుకున్నాడో ఏమో. గోడలన్నీ తట్టి చూసేవాణ్ణి, చెయ్యానించి చూసేవాణ్ణి. ఒకావిడ నా వెనకే తిరిగి, "గోడలు కొంటారా, గది అద్దెకి తీసుకుంటారా?" అంది.

ఇంటి దగ్గర మేడమీదాయన నీళ్ళ మోటారు వేసే వేళలు మార్చేశాడు. చెల్లి వీధి కుళాయినుంచి నీళ్ళు మోసేది. ఆ మచ్చ దుప్పటి మూడు ఉతుకులు ఉతికినా పోలేదు. లాడ్జివాళ్ళు తిట్టారు, పనిలోంచి మాత్రం తీసేయలేదు. నెల చివరికొచ్చేసింది. ఆఫీసునుంచి కబురు లేదు. చెల్లి నన్నేమీ అనేది కాదు. అదే భరించలేకపోయేవాణ్ణి. ఏమైనా అంటే బాగుండును.

ఇల్లు దొరికింది నా పనివల్లే. ఒక టైలరమ్మ ఫ్యాను ఇవ్వడానికి వెళ్ళాను. ముసలావిడ, ఒక చెవి సరిగ్గా వినపడదు. ఆసుపత్రి వీధికి రెండో సందులో మేడ, కింద ఆవిడ మిషను, పైన గది ఖాళీ. ఎండ వస్తే గదంతా ఎండేనని ఆవిడే చెప్పింది. పైకెళ్ళి గోడలకి చెంప ఆనించి చూశాను. పొడిగా ఉన్నాయి. కిందికొచ్చి ఆఫీసు అద్దె సంగతి చెప్పాను. ఆవిడ ఆలోచించింది. ఒప్పుకునేలోపే నేను ఇంకోటి కూడా చెప్పేశాను, ఎందుకో ఆ రోజు దాచబుద్ధి కాలేదు.

"ఇంకో మాటండీ. మా పాప దగ్గుతుంది. బాగా దగ్గుతుంది."

"ఏంటీ?"

"దగ్గుతుందండీ, పాప" అని అరిచాను.

"నా మిషనుకంటే గట్టిగానా?" అంది టైలరమ్మ.

ఆఫీసావిడొచ్చి ఆ గది కూడా చూసుకుని వెళ్ళింది. అయినా సాయం వస్తుందో రాదో తెలీదు. అది రాకపోతే ఆ గది అద్దె మా తలకి మించిన పని. గడువు మర్నాటితో ఆఖరు. వచ్చినా రాకపోయినా ఖాళీ చెయ్యాలి కదా అని మూటలు కట్టడం మొదలెట్టాం. ఆ గోడకి ఆనించిన పెట్టె జరిపాను, అంతే. దానివెనక ఎన్నాళ్ళ బూజో, గదంతా లేచింది. చెల్లి తూనీగని బయటికి లాక్కెళ్ళేలోపే ఆయాసం పట్టేసింది.

ఆటో ఎక్కి ఆసుపత్రికి బయల్దేరాం. ఈసారి దారిలో తూనీగ నా భుజమ్మీద మాట్లాడలేదు. మామూలుగా ఆటోలో ఎన్ని కబుర్లు చెప్పేదో. చెల్లి దాని చెంపలు తడుతూ, "దగ్గు తల్లీ, దగ్గు" అంటోంది. ఇన్నాళ్ళూ వద్దన్నదే ఇప్పుడు బతిమాలుతోంది. పిల్లకి దగ్గే శక్తి లేదు.

ఆసుపత్రి గుమ్మంలోకి ఎత్తుకెళ్ళగానే చెల్లి అలవాటు ప్రకారం మొదలెట్టింది, "అమ్మా, దీనికి చిన్నప్పటినుంచీ..." అని. డాక్టరమ్మ లోపల్నుంచి చూసింది. "మన తూనీగ కదూ" అంది. మంచం చూపించింది, నర్సుకి ఏ మందో ఎంతో చెప్పేసింది, మాస్కు పెట్టేశారు. మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. ఏ డాక్టరు, ఏ మందు, ఎప్పట్నుంచి, ఏదీ అడగలేదు. చెల్లి అలా నోరు తెరుచుకుని సగం మాటతో నిలబడిపోయింది. తర్వాత గోడకానుకుని కిందికి జారి కూర్చుని ఏడ్చింది. పిల్లకి బాగా లేనన్ని రోజులూ ఏడవని మనిషి.

నేను వరండాలో పచార్లు చేస్తున్నాను. ఫోన్ మోగింది. ఆఫీసావిడ. వానలో సరిగ్గా వినపడలేదు, రెండో చెవి మూసుకుని విన్నాను. ఆవిడ మాట్లాడటం అయిపోయాక కూడా ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని ఉన్నాను.

చెల్లి తల ఎత్తి చూసింది. "ఏమందట?"

"టైలరమ్మకి మిషను కాస్త నెమ్మదిగా తొక్కమని చెప్పాలే, రేపట్నుంచి మనం పైనుంటాం" అన్నాను.

చెల్లి నవ్వలేదు. కాని నా చెయ్యి పట్టుకుంది. ఈసారి దాని చెయ్యి వెచ్చగా ఉంది.

కొత్త గదిలో ఇంకా వానలే. గోడలు మాత్రం చెమట పట్టలేదు. తూనీగ మొదటిరోజే గోడలన్నీ వెతికింది, "ఒంటె రాలేదేం మావయ్యా?" అని. డాక్టరమ్మ రమ్మన్నప్పుడల్లా నడిచే వెళ్ళేవాళ్ళం. ఆవిడ పొద్దున ఒకసారీ రాత్రి ఒకసారీ పీల్చే మందు పెట్టింది, కొన్నాళ్ళకి తగ్గించింది, పడకపోయిన టీకాలు ఏవో చూసి వేయించింది. అప్పట్లో రెండుసార్లు పడిన టీకా మళ్ళీ వెయ్యలేదని తూనీగ బడంతా చెప్పుకుంది. జబ్బు మంత్రమేసినట్టు మాయమైపోలేదండీ, అబద్ధం చెప్పను. చలికాలంలో వచ్చేది, పోయేది. కాని వచ్చినప్పుడు ఎక్కడికెళ్ళాలో తెలుసు. వెళ్తే ఎవరుంటారో తెలుసు.

ఆ వానాకాలం చివర్లో ఒక సాయంత్రం. చెల్లి ఇస్త్రీ చేస్తోంది. నేను ఒక పాత టేబుల్ ఫ్యాను విప్పుకుని కూర్చున్నాను. తూనీగ నేలమీద బొమ్మలేసుకుంటోంది. మెట్లమీద చెప్పుల చప్పుడైంది. టైలరమ్మ పైకొస్తోంది.

తూనీగ చేతులు వాటంతటవే నోటిమీదకి వెళ్ళిపోయాయి. భుజాలు లేచాయి.

చెల్లి ఇస్త్రీపెట్టె మీదనుంచి చూపు తిప్పలేదు. "దగ్గొస్తే దగ్గవే. ఇది మనిల్లు" అంది.

తూనీగ చేతులు నెమ్మదిగా కిందికి దించింది. తల ఒక పక్కకి వంచి, లోపలెక్కడో ఏదో వినడానికన్నట్టు అలాగే కూర్చుంది. టైలరమ్మ గుమ్మంలోకి వచ్చేసింది. పిల్ల ఒకసారి గొంతు సవరించి చూసింది, మళ్ళీ చూసింది.

"దగ్గుదామంటే రావట్లేదమ్మా" అంది.

అదండీ సంగతి. ఏ మందు అని అడిగిన అమ్మాయీ, ఇదే నా జవాబు. మీ వీధిలో, మీ పనిచోట, ఎవరైనా వచ్చినప్పుడల్లా గోడకి దుప్పటి కట్టి "బానే ఉందండీ" అనే తల్లి ఒకత్తి ఉండే ఉంటుంది. మీకు తెలియకపోయినా మీకు తెలిసినవాళ్ళకి తెలుస్తుంది. ఈ కథ వాళ్ళదాకా చేరేలా మీ ఫోన్లోంచి ఇంకొకళ్ళకి పంపించండి. చదవడం రానివాళ్ళకి చదివి వినిపించండి. ఉంటానండీ, ఎవరిదో ఫ్యాను వచ్చింది.